క్రమ సంఖ్య వేరు, అడ్మిషన్ నంబరు వేరు – డేటాబేస్ బ్యాకప్‌పై ఒక పాఠం

ప్రతి నెలా ఒకటో తేదీన మన హాస్టల్లో హాజరు పట్టీ కొత్తగా రాస్తారు. మొదటి గడిలో క్రమ సంఖ్య, రెండో గడిలో అడ్మిషన్ నంబరు, మూడో గడిలో పేరు. ఎవరైనా టీసీ తీసుకుని వెళ్ళిపోతే ఆ నెలకు వారి పేరు మీద ఎర్ర సిరాతో గీత కొడతారు. మరుసటి నెల కొత్త పట్టీలో ఆ పేరే ఉండదు. దాని కింద ఉన్నవారంతా ఒక్కో మెట్టు పైకి జరుగుతారు. నిన్నటిదాకా 24వ వాడు నేడు 23వ వాడు అవుతాడు. దీనివల్ల ఎవరికీ నష్టం లేదు. మెస్ లెక్కకైనా, స్కాలర్‌షిప్ ఫారానికైనా అడ్మిషన్ నంబరు అడుగుతారే గాని క్రమ సంఖ్య ఎవరూ అడగరు.

రోజూ కళ్ళెదుట కనిపించే ఈ సంగతిని మరచిపోయి, హాస్టల్ గ్రంథాలయం లెక్కలను కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు మేము క్రమ సంఖ్యను నమ్ముకున్నాం. దానివల్ల ఒక తమ్ముడు చేయని తప్పుకు డబ్బు కట్టవలసిన పరిస్థితి వచ్చింది. కంప్యూటర్ కోర్సు చదువుతున్న తమ్ముళ్ళకు, రేపు ఏ ఆఫీసులోనో డేటా ఎంట్రీ పనికి వెళ్ళేవారికి ఉపయోగపడుతుందని ఈ పాఠం రాస్తున్నాం.

ముందుగా నాలుగు మాటలు తెలుసుకుందాం. డేటాబేస్‌లో సమాచారం టేబుళ్ళ రూపంలో ఉంటుంది. టేబుల్‌లో అడ్డంగా ఉండే ఒక్కో వరుసను రో అంటారు. మన ఉదాహరణలో ఒక్కో రో ఒక్కో విద్యార్థి. నిలువుగా ఉండేవి కాలమ్‌లు: పేరు, తరగతి, గది. ఒక రోను మిగిలిన వాటి నుంచి వేరుచేసి చూపే విలువను కీ అంటారు. ఉన్న సమాచారాన్ని మరోచోట నకలుగా దాచుకోవడం బ్యాకప్, ఆ నకలు నుంచి మళ్ళీ డేటాబేస్‌ను నిలబెట్టడం రీస్టోర్. పాఠ్యపుస్తకాల్లో కీ గురించి ఒక అధ్యాయం, బ్యాకప్ గురించి వేరే అధ్యాయం ఉంటాయి. ఈ రెండింటికీ సంబంధం ఉందని మాకు పరీక్ష రాసినప్పుడు తట్టలేదు.

మేము వాడింది ఎస్‌క్యూలైట్. దీనిని రిచర్డ్ హిప్ అనే ఆయన తయారుచేయగా 2000 సంవత్సరంలో మొదటిసారి విడుదలైంది. ఉచితం. సర్వర్ అక్కరలేదు, డేటాబేస్ మొత్తం ఒకే ఫైలులో ఉంటుంది. ఆఫీసు గదిలోని పాత కంప్యూటర్‌కు ఇదే తగినదని తీసుకున్నాం. రెండు ముఖ్యమైన టేబుళ్ళు చేశాం. ఒకటి విద్యార్థులది: పేరు, తరగతి, గది. రెండోది పుస్తకాలు తీసుకున్న లెక్క: ఏ విద్యార్థి, ఏ పుస్తకం, ఏ తేదీ. విద్యార్థుల టేబుల్‌లో కీ అంటూ ప్రత్యేకంగా ఏ కాలమూ పెట్టలేదు. ఎస్‌క్యూలైట్ మామూలు టేబుల్‌లో ప్రతి రోకూ తనంతట తానే ఒక సంఖ్య ఇచ్చుకుంటుంది. దాని పేరు రోఐడీ. అడగకుండానే వచ్చింది కదా అని పుస్తకాల లెక్కలో దానినే రాసుకున్నాం. అంటే “రోఐడీ 23 గల విద్యార్థి ఈ పుస్తకం తీసుకున్నాడు” అని.

జూన్‌లో 96 మంది పేర్లు ఎక్కించాం. దసరా సెలవుల లోపు ముగ్గురు వెళ్ళిపోయారు. వారి రోఐడీలు 14, 37, 58. వారి పుస్తకాలు ముందే అప్పగించారు గనుక ఆ మూడు రోలనూ తీసేశాం. ఆ చోట్లు ఖాళీగా ఉండిపోయాయి, మిగిలినవారి సంఖ్యలు కదలలేదు. కనుక డిసెంబరు దాకా అంతా సవ్యంగానే నడిచింది.

జనవరిలో పాత కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతుంటే, వార్డెన్ సార్ మరో కంప్యూటర్ చూపించి లెక్కలన్నీ దానిలోకి మార్చమన్నారు. మేము డంప్ అనే ఆదేశంతో బ్యాకప్ తీశాం. డంప్ అంటే టేబుళ్ళను ఎలా తయారుచేయాలో, వాటిలో ఏయే రోలు చేర్చాలో ఆదేశాల రూపంలో రాసిపెట్టే ఒక టెక్స్ట్ ఫైలు. పెన్‌డ్రైవ్‌లో పట్టుకొచ్చి కొత్త కంప్యూటర్‌లో రీస్టోర్ చేశాం. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. విద్యార్థులు 93 మంది, అక్కడా 93, ఇక్కడా 93. పుస్తకాల లెక్కలో రోలు కూడా సరిపోయాయి. ఇంకా నమ్మకం కోసం మా పేర్లు కొట్టి చూసుకున్నాం. మేము తీసుకున్న పుస్తకాలే కనిపించాయి. పని అయిపోయిందనుకుని పాత కంప్యూటర్‌ను మూలన పెట్టేశాం.

అసలు పొరపాటు ఎక్కడుందో ఇప్పుడు చూద్దాం. డంప్ ఫైలులో మనం స్వయంగా పెట్టిన కాలమ్‌లే ఉంటాయి. ఎస్‌క్యూలైట్ లోపల్లోపల ఇచ్చుకున్న రోఐడీ, ప్రత్యేకంగా అడిగితే తప్ప, అందులో రాదు. రీస్టోర్ చేసేటప్పుడు రోలు ఒకదాని తరువాత ఒకటి చేరుతూ 1 నుంచి కొత్త సంఖ్యలు తీసుకుంటాయి. 14వ చోట ఖాళీ ఉండేదని కొత్త టేబుల్‌కు తెలియదు. కనుక పాత 15 వచ్చి 14 అయింది. పాత 38 వచ్చి 36 అయింది. పాత 59 వచ్చి 56 అయింది. పాత 96 వచ్చి 93 దగ్గర ఆగింది. అచ్చం కొత్త నెల హాజరు పట్టీలాగే. అయితే పుస్తకాల లెక్కలో మేము రాసుకున్న 23 మాత్రం మామూలు సమాచారం. అది 23గానే వచ్చింది. పాత 23 ఎవరో, కొత్త 23 ఎవరో దానికి పట్టదు. ఫలితంగా పాత 23 తీసుకున్న పుస్తకం పాత 24 తలమీద పడింది. 36 నుంచి రెండేసి మెట్లు, 56 నుంచి మూడేసి మెట్లు తేడా.

మరి మా పేర్లు ఎలా సరిపోయాయి? జూన్‌లో పేర్లు ఎక్కించింది మేమే. మొదట మా పేర్లే ఎక్కించుకున్నాం. మా అందరి సంఖ్యలూ 13 లోపే. తప్పు 14 నుంచి మొదలైంది. తమ పేరు చూసుకుని తృప్తిపడే పరీక్షకు ఉండే విలువ ఇంతే.

మార్చిలో పరీక్షలు దగ్గర పడగానే నో డ్యూస్ చీటీలు ఇవ్వడం మొదలైంది. ఇంటర్ రెండో సంవత్సరం తమ్ముడొకడి పేరు కొడితే, 450 రూపాయల పోటీపరీక్షల పుస్తకం ఒకటి నవంబరు నుంచి బాకీ ఉన్నట్టు వచ్చింది. “అన్నా, నేనా పుస్తకం ముట్టుకోనే లేదు” అన్నాడు. మళ్ళీ కొట్టి చూశాం, మళ్ళీ అదే వచ్చింది. “కంప్యూటర్‌లో ఉంది కదరా, పెట్టెలో ఒకసారి వెతుక్కో” అన్నాం. ఇప్పుడు తలచుకుంటే సిగ్గనిపించే మాట అది. వాడు ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి, అమ్మ మిరపకాయలు ఏరిన కూలి డబ్బుల్లోంచి పంపమని అడిగాడని వాడి గదిలోవాళ్ళు చెప్పారు. మర్నాడు మరో ఇద్దరు ఇలాగే వచ్చారు. ఇంకో రెండు పుస్తకాలు 94, 95 సంఖ్యల మీద ఉన్నాయి, ఆ సంఖ్యలతో విద్యార్థులే లేరు. అప్పుడు గాని అనుమానం రాలేదు.

సరిదిద్దడం అనుకున్నంత తేలిక కాలేదు. అన్ని సంఖ్యలనూ వెనక్కి జరిపేద్దామని మాలో ఒకరు అన్నారు. కాని జనవరి తరువాత ఇచ్చిన పుస్తకాలు కొత్త సంఖ్యలతోనే, సరిగానే నమోదయ్యాయి. వాటినీ జరిపితే కొత్త తప్పు అవుతుంది. పాతవి తప్పు, కొత్తవి ఒప్పు, రెండూ ఒకే టేబుల్‌లో కలిసిపోయాయి. డంప్ ఫైలు చూస్తే అందులో పాత రోఐడీలు లేనే లేవు. చివరకు మూలన ఉన్న కంప్యూటర్ హార్డ్‌డిస్క్ విప్పి మరో కంప్యూటర్‌కు తగిలిస్తే అసలు డేటాబేస్ ఫైలు దొరికింది. దానిలో పాత సంఖ్యలు చెక్కుచెదరలేదు. తేదీని బట్టి జనవరికి ముందువాటిని మాత్రం వేరుచేసి, పాత సంఖ్య పక్కన పేరు రాసుకుని, ఒక్కొక్కటీ దిద్దాం. సంతకాలు పెట్టించుకునే లాంగ్ నోట్‌బుక్ మానేయకపోవడం మా అదృష్టం. దానితో పోల్చుకుంటే అన్నీ సరిపోయాయి. ఆ తమ్ముడికి చీటీ ఇచ్చి, వాళ్ళ ఇంటికి మేమే ఫోన్ చేసి డబ్బు పంపవద్దని చెప్పాం.

ఇక్కడ బ్యాకప్ రకాల గురించి ఒక మాట. డేటాబేస్ ఫైలును ఉన్నది ఉన్నట్టు పేజీలతో సహా నకలు తీయడం ఒక పద్ధతి. ఎస్‌క్యూలైట్‌లో బ్యాకప్ అనే ఆదేశం చేసేది ఇదే. ఇందులో రోఐడీలు మారవు. లోపలి సమాచారాన్ని మాత్రం బయటికి రాసుకుని మళ్ళీ ఎక్కించడం రెండో పద్ధతి; డంప్ ఇలాంటిది. ఇందులో మారవచ్చు. అలాగని మొదటి పద్ధతి వాడితే చాలు, కీ అక్కరలేదు అనుకోకూడదు. ఫైలులో ఖాళీ జాగా తగ్గించడానికి వాక్యూమ్ అనే ఆదేశం ఉంది. మనం స్వయంగా ఇంటీజర్ ప్రైమరీ కీ కాలమ్ పెట్టని టేబుళ్ళలో అది రోఐడీలను మార్చవచ్చని ఎస్‌క్యూలైట్ వారే స్పష్టంగా రాశారు. బ్యాకప్ తీయకపోయినా, కంప్యూటర్ మార్చకపోయినా, ఊరికే శుభ్రం చేసినా సంఖ్యలు కదలవచ్చన్నమాట. మరో సంగతి: ఒక టేబుల్‌లోని కీని మరో టేబుల్ సరిగ్గా చూపుతోందో లేదో కాపలా కాసే ఫారిన్ కీ అనే కట్టడి ఉంది. దానిని రోఐడీ మీద పెట్టనివ్వరు. పేరు గల కాలమ్ మీదనే పెట్టాలి. మేము ఆ కట్టడి పెట్టబోయి ఉంటే అక్కడే అడ్డు తగిలి మా పొరపాటు జూన్‌లోనే బయటపడేది.

ఇది ఎస్‌క్యూలైట్ ఒక్కదాని సంగతి కాదు. పెద్ద పెద్ద ఆఫీసుల్లో వాడే ఒరాకిల్‌లో కూడా రోఐడీ ఉంది. అది 18 అక్షరాలుగా కనిపిస్తుంది. అందులో మొదటి 6 ఏ టేబుల్‌కు చెందిన భాగమో, తరువాతి 3 ఏ ఫైలో, ఆపై 6 ఏ బ్లాకో, చివరి 3 ఆ బ్లాకులో ఎన్నో రోనో చెబుతాయి. అంటే అది చిరునామా. ఫలానా బ్లాకు, ఫలానా గది, కిటికీ పక్క చోటు అన్నట్టు. మనిషిని త్వరగా వెతకడానికి అంతకంటే మంచిది లేదు. కాని గదులకు సున్నం వేసేటప్పుడు పెట్టెలు మార్చుకుంటే ఆ చోట మరొకరు ఉంటారు. ఒరాకిల్‌లో ఎక్స్‌పోర్ట్ చేసి ఇంపోర్ట్ చేసినా, టేబుల్‌ను మరోచోటికి జరిపినా ఈ చిరునామాలు మారతాయి. అందుకే దీనిని ప్రైమరీ కీగా వాడవద్దని ఒరాకిల్ వారే చెబుతారు.

పోస్ట్‌గ్రెస్‌లో ఇలాంటిదాని పేరు సీటీఐడీ. ఇది మరీ చంచలమైనది. బ్యాకప్ దాకా పోనక్కరలేదు, ఒక రోలో గది నంబరు దిద్దినా చాలు, పోస్ట్‌గ్రెస్ ఆ రోకు కొత్త ప్రతి రాస్తుంది, కొత్త ప్రతికి కొత్త సీటీఐడీ వస్తుంది. అదే పోస్ట్‌గ్రెస్‌లో పూర్వం ఓఐడీ అనే దాగి ఉండే కాలమ్ ఒకటి ఉండేది. చాలామంది దానిని కీగా వాడుకున్నారు. 2005లో వచ్చిన 8.1 నుంచి అడిగితే తప్ప ఇవ్వడం మానేశారు. 2019లో వచ్చిన 12 నుంచి మామూలు టేబుళ్ళలో ఆ ఏర్పాటునే తీసేశారు. దానినే నమ్ముకున్నవారు కొత్త వెర్షన్‌కు మారాలంటే ముందు తమ సొంత కాలమ్ తయారుచేసుకోవలసి వచ్చింది.

ఈ విషయం 1970లోనే చెప్పిన పెద్దమనిషి ఉన్నాడు. ఐబీఎంలో పనిచేసిన ఇ.ఎఫ్. కాడ్ ఆ సంవత్సరం జూన్‌లో ప్రచురించిన వ్యాసంతోనే రిలేషనల్ డేటాబేస్ అనే ఆలోచన మొదలైంది. యంత్రం లోపల సమాచారం ఏ వరుసలో, ఏ దారిన అమరి ఉందో దానిమీద మన ప్రోగ్రాములు ఆధారపడకూడదన్నది ఆ వ్యాసంలోని ప్రధాన వాదం. ప్రైమరీ కీ, ఫారిన్ కీ అన్న మాటలు కూడా అందులోనే ఉన్నాయి. మేము రెండు మార్కుల ప్రశ్నగా బట్టీపట్టిన సంగతి ఇదే.

మరి దేనిని కీగా ఎంచుకోవాలి? పేరు కుదరదు, మన హాస్టల్లోనే ఒకే పేరు, ఒకే ఇంటిపేరు గలవారు ఇద్దరున్నారు. ఫోన్ నంబరు కుదరదు. అన్నదమ్ములిద్దరికీ నాన్న నంబరు ఒకటే, పైగా సిమ్ మారిపోతుంది. ఆధార్ నంబరు మారదు కదా అని కొందరు అంటారు. కాని పుస్తకాల లెక్కకు ఆధార్ ఎందుకు? కీ అన్నది ప్రతి టేబుల్‌లోకీ, ప్రతి బ్యాకప్‌లోకీ, ప్రతి పెన్‌డ్రైవ్‌లోకీ పాకుతుంది. దాచుకోవలసిన నంబరును అలా పంచిపెట్టడం మాకు సరికాదనిపించింది.

అడ్మిషన్ నంబరు మంచిదే, కాని ఒక చిక్కుంది. మన రిజిస్టరులో అది ప్రతి విద్యాసంవత్సరం మళ్ళీ 1 నుంచి మొదలవుతుంది. కాబట్టి సంవత్సరంతో కలిపి రాయాలి. కలిపి రాసినదానిని సంఖ్యగా కాక అక్షరాలుగా దాచాలి. లేకపోతే బ్యాకప్‌ను సీఎస్‌వీ ఫైలుగా తీసి ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేసినప్పుడు 0457 కాస్తా 457 అయిపోతుంది. 15 అంకెలు దాటిన సంఖ్యల్లో చివరి అంకెలను ఎక్సెల్ సున్నాలుగా మార్చేస్తుంది కూడా. అప్పుడు బ్యాకప్ ఉంటుంది, కీ పోతుంది.

ఇవన్నీ చూసి మేము అర్థం లేని ఒక సంఖ్యనే ఎంచుకున్నాం. విద్యార్థుల టేబుల్‌లో కార్డు నంబరు అని ఒక కాలమ్ చేసి దానిని ఇంటీజర్ ప్రైమరీ కీగా ప్రకటించాం. ఎస్‌క్యూలైట్‌లో ఇంటీజర్ అని పూర్తిగా రాయాలి. ఇంట్ అని పొట్టిగా రాస్తే ఆ కాలమ్ రోఐడీతో ఒకటి కాదు. ఇలా ప్రకటించిన కాలమ్ మన సొంత కాలమ్ గనుక డంప్‌లో దాని విలువ రాయబడుతుంది, రీస్టోర్‌లో అదే విలువ తిరిగి వస్తుంది. దానికి ఆటోఇంక్రిమెంట్ అని కూడా చేర్చాం. చేర్చకపోతే, చివర చేరినవాడిని తీసేసినప్పుడు వాడి నంబరు తరువాత వచ్చినవాడికి దక్కుతుంది. చేరిస్తే ఇంతవరకు ఇచ్చిన పెద్ద నంబరు ఎంతో ఒక టేబుల్‌లో గుర్తుపెట్టుకుని దానికి పైననే ఇస్తుంది. మైఎస్‌క్యూఎల్ వాడేవారు ఇంకో సంగతి గమనించాలి: ఇన్నోడీబీ టేబుళ్ళలో ఈ లెక్కను 8.0 వెర్షన్‌కు ముందు మెమరీలోనే ఉంచేవారు. సర్వర్ ఆపి తిరిగి మొదలుపెడితే ఉన్నవాటిలో పెద్ద నంబరు చూసుకుని అక్కడి నుంచి లెక్కించేది. 2018లో వచ్చిన 8.0లోనే దానిని సరిచేశారు.

రీస్టోర్‌లో ఇంకో గుంట ఉంది. అందులో పడకముందే చూశాం గనుక ధైర్యంగా చెబుతున్నాం. సోమవారం బ్యాకప్ తీశాం, అప్పటికి పెద్ద కార్డు నంబరు 118 అనుకుందాం. మంగళ, బుధవారాల్లో ముగ్గురు చేరి 119, 120, 121 కార్డులు తీసుకున్నారు. గురువారం కంప్యూటర్ పాడై సోమవారం నకలును రీస్టోర్ చేశాం. లెక్క కూడా సోమవారానికే వెళ్ళిపోతుంది. శుక్రవారం చేరినవాడికి మళ్ళీ 119 ఇస్తుంది. ఇప్పుడు ఒకే నంబరుతో ఇద్దరి జేబుల్లో కార్డులుంటాయి. డేటాబేస్ దృష్టిలో తప్పేమీ లేదు, కనుక ఎర్రర్ రాదు. అందుకే రీస్టోర్ చేసిన ప్రతిసారీ, ఎవరికీ కొత్త కార్డు ఇవ్వకముందే, కాగితం మీద ఇచ్చిన పెద్ద నంబరు కంటే పైకి ఆ లెక్కను చేత్తో జరపాలి. నడుమ కొన్ని నంబర్లు పోయినా ఫరవాలేదు. పోస్ట్‌గ్రెస్‌లో సీఎస్‌వీ నుంచి నంబర్లతో సహా ఎక్కించినప్పుడు ఆ నంబర్లిచ్చే సీక్వెన్స్ తనంతట జరగదు. అయితే అక్కడ తరువాతి రో చేర్చేటప్పుడు నకలు కీ అని ఎర్రర్ వస్తుంది. అరిచే తప్పు మేలు, అరవని తప్పుతోనే భయం.

రెండు హాస్టళ్ళ లెక్కలు విడివిడి కంప్యూటర్లలో ఉండి తరువాత కలపవలసి వస్తే ఈ వరుస నంబర్లు పనికిరావు. అక్కడా 23 ఉంటుంది, ఇక్కడా 23 ఉంటుంది. అలాంటి చోట యూయూఐడీ వాడతారు. ఇది 128 బిట్ల సంఖ్య, గీతలతో కలిపి 36 అక్షరాలుగా రాస్తారు. ఏ కంప్యూటర్ తయారుచేసుకున్నా మరొకదానితో కలిసే అవకాశం లేనంత తక్కువ. దీని నియమాలు 2005లో ఆర్ఎఫ్‌సీ 4122గా వచ్చాయి, 2024లో ఆర్ఎఫ్‌సీ 9562 వాటి స్థానంలోకి వచ్చింది. కార్డు మీద చేత్తో రాయడానికి మాత్రం బాగా ఇబ్బంది. మాకు అవసరం పడలేదు.

రీస్టోర్ చేశాక సరిచూసే పద్ధతి కూడా మార్చుకున్నాం. రోల సంఖ్య సరిపోవడం చాలదని మాకు తెలిసింది. ముందుగా పుస్తకాల లెక్కలో ఉన్న ప్రతి కార్డు నంబరుకూ విద్యార్థి ఉన్నాడా అని చూస్తాం. ఒక్కటి తేడా ఉన్నా ఆగిపోతాం. తరువాత టేబుల్ మొదటి నుంచి, నడుమ నుంచి, చివరి నుంచి కొందరిని తీసుకుని, కార్డు నంబరు, పేరు, పుస్తకం మూడింటినీ లాంగ్ నోట్‌బుక్‌లోని సంతకంతో పోలుస్తాం. మా పేర్లు అందులో ఉండకూడదని నియమం పెట్టుకున్నాం. పాత కంప్యూటర్‌ను ఈ పని అయ్యేదాకా కదిలించం.

కొత్త కార్డులు ఇచ్చేరోజు ఒకటో నంబరు ఎవరికని అందరూ అడిగారు. నంబర్లను 201 నుంచి మొదలుపెట్టాం, పాత సంఖ్యలు గల కాగితాలతో ఎక్కడా కలవకుండా. 201 నంబరు కార్డు ఆ ఇంటర్ తమ్ముడు పట్టుకుపోయాడు.